కుదురుగా నిలబడటం ఎలా: పాదాల దగ్గర మొదలుపెట్టి మాట దాకా

నీళ్ళకి బయల్దేరే ముందు మా నాయనమ్మ పాత నేత చీర ముక్కని మెలిపెట్టి, గుండ్రంగా చుట్టి నెత్తిన పెట్టుకునేది. చుట్టకుదురు అంటారు దాన్ని. దాని మీద ఒక ఇత్తడి బిందె, చంకన ఇంకో బిందె. ఇంట్లో మట్టికడవ కింద కూడా ఎండుగడ్డితో పేనిన కుదురు ఒకటి ఉండేది. కడవ అడుగు గుండ్రం కదా, ఉత్త నేల మీద పెడితే దొర్లుతుంది. ఐదు నిమిషాలు ఒకచోట కూర్చోలేని నన్ను చూసి "కుదురు లేని పిల్ల" అని విసుక్కున్నదీ ఆవిడే. కడవ కింద ఉన్నదీ నాలో లేనిదీ ఒకే మాట అని తట్టడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

తెలుగులో ఈ సంగతంతా కాళ్ళ దగ్గరే మొదలవుతుంది. కష్టాల్లోంచి గట్టెక్కినవాణ్ణి నిలదొక్కుకున్నాడంటాం. కంగారుపడేవాడికి ఒకచోట కాలు నిలవదు. కాలూ జారుతుంది, నోరూ జారుతుంది. తాగినవాడు తూలుతాడు, కోపం వచ్చినవాడి మాట తూలుతుంది, ఇంకా ముదిరితే ఎదుటివాణ్ణి తూలనాడతాడు. గండం గడిచాక మనసు కుదుటపడుతుంది.

టెన్షన్ తగ్గించుకోమని సలహాలిచ్చేవాళ్ళు మాత్రం ఎక్కువగా ముఖం దగ్గర మొదలుపెడతారు. నవ్వండి, కళ్ళలోకి చూడండి, గట్టిగా ఊపిరి తీసుకోండి అంటారు. నా లెక్కలో అది తలకిందుల వరస. ముందు పాదాలు, తర్వాత వెన్ను, ఆపైన ఊపిరి, చివరికి నోరు. పదో ఏట నుంచి ఇంటర్ దాకా కూచిపూడి నేర్చుకున్నాను. 20 ఏళ్ళ పైగా బ్యాంకు కౌంటర్లో కూర్చుంటున్నాను. కింద రాసినవి ఈ రెండు చోట్లా ఎదురుదెబ్బలు తిని తెలుసుకున్నవి. రోజుకి పది నిమిషాలు చాలు. కావలసిన సామాను ఒక గోడ, ఒక తువ్వాలు, ఒక చెంబు.

1. ముందు మీ సంగతి ఎలా ఉందో చూసుకోండి

వంటింటి గట్టు పక్కన చెప్పులు లేకుండా నిలబడండి. తూలితే పట్టుకునేంత దగ్గరలో గట్టు ఉండాలి, కానీ ముందే దాని మీద చెయ్యి వేయకూడదు. ఎదురుగా గోడ మీద మేకునో స్విచ్చినో చూస్తూ ఒక కాలు ఎత్తి, ఆ పాదాన్ని రెండో కాలి పిక్క వెనక ఆనించండి. 10 సెకన్లు లెక్కపెట్టండి. తర్వాత కాలు మార్చండి. చాలామందికి ఒక కాలి మీద వచ్చినంత బాగా రెండోదాని మీద రాదు. దిగులుపడకండి, ఏ కాలు బలహీనమో గుర్తుపెట్టుకోండి.

బ్రెజిల్‌లో పరిశోధకులు 51 నుంచి 75 ఏళ్ళ మధ్య వయసున్న 1,702 మందిని సరిగ్గా ఇలాగే 10 సెకన్లు నిలబెట్టి చూశారు. దాదాపు ఐదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. 2022లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, నిలబడలేనివాళ్ళలో తర్వాతి ఏళ్ళలో మరణాలు ఎక్కువ. అంటే ఒంటికాలి మీద నిలబడితే ఆయుష్షు పెరుగుతుందని కాదు, అలా తపస్సు మొదలెట్టకండి. కండలు, నరాలు, చూపు, చెవి అన్నీ కలిసి ఎలా పనిచేస్తున్నాయో ఈ చిన్న పరీక్షలో బయటపడుతుంది, అంతే.

ఇప్పుడు గట్టు మీద ఒక్క వేలు ఆనించి, కళ్ళు మూసుకుని అదే పని చేయండి. చీలమండ గజగజలాడిపోతుంది. మనం నిలబడటానికి మూడు చోట్ల నుంచి కబురు అందాలి. కళ్ళు ఒకటి. లోపలి చెవిలో ద్రవం నిండిన సన్నటి గొట్టాలు మూడున్నాయి, తల ఎటు తిరిగినా అవి చెబుతాయి. మూడోది అరికాలి చర్మం, కీళ్ళు, కండరాలు. ఒకటి మూతపడితే మిగతా రెండూ ఆ పని కూడా నెత్తినేసుకోవాలి. పెద్దవాళ్ళు రాత్రిపూట చీకట్లో లేచి పడిపోవడంలో దీని పాత్ర చాలా ఉంది.

మా అమ్మ పడింది అలాగే. రాత్రి మూడింటికి, అందరూ లేస్తారని లైటు వేయకుండా, తడి గచ్చు మీద. చెయ్యి ఆనించి పడింది, మణికట్టు విరిగింది. కాలు జారిందని అందరికీ ఫోన్లలో చెప్పాం. కట్టు విప్పాక ఇంటికి సున్నం వేయిద్దామని చూస్తే, హాల్లోంచి బాత్రూం దాకా గోడ మీద నడుమెత్తున చేతి జిడ్డు చార ఒకటి పొడుగ్గా కనపడింది. పడటానికి చాలా రోజుల ముందు నుంచే ఆవిడ గోడ పట్టుకుని నడుస్తోంది. ఒక్కరం గమనించలేదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే ఈ పూట ఒకసారి గోడలు చూడండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. మంచం మీద పక్కకి తిరగ్గానే గది గిర్రున తిరిగినట్టుంటే అది వ్యాయామంతో పోయేది కాదు. గ్యాస్ అనో మెడ నరాలనో సరిపెట్టుకుంటారు. చాలాసార్లు అది లోపలి చెవిలో ఉండే సన్నటి రేణువులు చోటు తప్పడం వల్ల వస్తుంది. చెవి డాక్టరు తలని ఒక వరసలో తిప్పి సరిచేస్తారు, కొందరికి ఒకటి రెండుసార్లకే తగ్గిపోతుంది. షుగర్ ఉండి అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళు కూడా ముందు డాక్టర్ని కలవండి. అరికాలు కబురు పంపకపోతే కింద చెప్పేవేవీ మీకు ఒంటరిగా చేయదగ్గవి కావు.

2. పాదాలు

తడికాలితో గచ్చు మీద అడుగు వేసి చూడండి. మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, ఈ మూడు చోట్లా ముద్ర గట్టిగా పడుతుంది. మూడు రాళ్ళ పొయ్యి లాగన్నమాట. నిలబడ్డప్పుడు బరువు మూడింటి మీదా ఉందా లేదా అని చూసుకోవడం మొదటి పాఠం. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర ఎలాగూ కదలకూడదు, అది మంచి సమయం. కుక్కర్ కూతలప్పుడూ పనికొస్తుంది. మీ బరువు చాలావరకు మడమల మీదో, ఒక పక్క తుంటి మీదో పడి ఉందని మీకే తెలుస్తుంది. సర్దుకోండి. మోకాళ్ళు బిగించకండి, వెనక్కి తోసేసిన మోకాలు గొళ్ళెం పెట్టిన తలుపు లాంటిది, అవసరానికి తెరుచుకోదు.

నాకు పన్నెండో ఏట మాస్టారు పళ్ళెం ఎక్కించారు. కూచిపూడిలో తరంగం చూసే ఉంటారు. ఇత్తడి పళ్ళెం అంచు మీద రెండు పాదాలూ పెట్టి, దాన్ని ముందుకీ వెనక్కీ జరుపుతూ తాళానికి ఆడతారు. కొందరు నెత్తిన నీళ్ళ చెంబు కూడా పెట్టుకుంటారు. మొదటిరోజు అంచు అరికాలిని కోసేస్తున్నట్టే అనిపించింది. పళ్ళెం ఎక్కడుందో చూద్దామని కిందికి చూశాను. తల ముందుకొచ్చింది, తలతో పాటు బరువంతా ముందుకొచ్చింది. పళ్ళెం ఖణేల్మని ఒక పక్కకి, నేను ఇంకో పక్కకి. మాస్టారు తిట్టలేదు. తాళం వేసే కర్రతో ఎదుటి గోడలో దీపం గూడు చూపించి, "పళ్ళేన్ని కాళ్ళు చూసుకుంటాయమ్మా, నువ్వు దాన్ని చూడు" అన్నారు.

చూపు దూరంగా ఒకచోట నిలిపితే ఒళ్ళు నిలబడుతుంది. ఇది మీ గచ్చు మీద కూడా అంతే నిజం. ఒంటికాలి మీద ఉండగా చూపు కిందికి దించి చూడండి, ఎంత తేడానో.

ఆ పళ్ళెం మీద ఇంకోటి కూడా అర్థమైంది, దానికి నాకు రెండు నెలలు పట్టింది. కదలకుండా నిలబడటం అనేది అసలు లేదు. మనం రాయిలా నిలబడ్డాం అనుకున్నప్పుడు కూడా ఒళ్ళు కాస్త ముందుకీ కాస్త వెనక్కీ ఒరుగుతూనే ఉంటుంది, చీలమండలు దాన్ని వెనక్కి లాక్కొస్తూనే ఉంటాయి. నేర్చుకున్నవాళ్ళకీ నేర్చుకోనివాళ్ళకీ తేడా ఒక్కటే. వాళ్ళ సర్దుబాట్లు చిన్నవి, అందుకే కనపడవు. మనం ఆలస్యంగా, ఒక్కసారిగా సర్దుకుంటాం, చేతులు గాల్లో తిప్పుతాం. నా మొదటి నెలంతా బిగుసుకుని నిలబడటంలోనే గడిచింది. బిగుసుకున్నకొద్దీ పడ్డాను.

ఇంట్లో స్టీలు కంచం మీద ఈ ప్రయోగం చేయకండి, దయచేసి. మీకు పనికొచ్చే వరస ఇది. మొదటి వారం ఒంటికాలి మీద ఒక్కోదానికి 10 సెకన్లు, పూటకి మూడుసార్లు, పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు, రాత్రి టీవీ ముందు. రెండో వారం ఒక పాదం మడమకి రెండో పాదం వేళ్ళు ఆనించి, ముందొకటి వెనకొకటిగా నిలబడటం. మూడో వారం హాల్లో రెండు టైల్స్ మధ్య గీత మీద అలాగే అడుగులో అడుగేస్తూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడవటం. పిల్లలుంటే వాళ్ళని కూడా కలుపుకోండి, వాళ్ళు గెలుస్తారు, దాంతో మీకు పట్టుదల వస్తుంది. వీటితో పాటు కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేచి కూర్చోవడం, రోజుకి పదిసార్లు. ఒకప్పుడు పీట వేసుకుని నేల మీద తిని లేచేవాళ్ళం కాబట్టి దీన్ని వ్యాయామం అని ఎవరూ అనలేదు. డైనింగ్ టేబుల్ వచ్చాక రాసుకోవాల్సి వస్తోంది.

3. నెత్తిన చెంబు

తువ్వాలుని మెలిపెట్టి చుట్టకుదురు చేసుకోండి. మరీ గట్టిగా చుడితే నిలవదు, మరీ వదులైతే చెంబు కూరుకుపోతుంది, రెండు మూడుసార్లకి చేతికి తెలుస్తుంది. నడినెత్తి కంటే వేలెడు వెనగ్గా పెట్టుకుని, దాని మీద ఖాళీ చెంబు పెట్టి, రెండు చేతులూ వదిలేయండి.

వెంటనే మూడు పనులు వాటంతటవే జరుగుతాయి. గడ్డం కాస్త లోపలికి వస్తుంది. మెడ పొడుగవుతుంది. భుజాలు చెవుల దగ్గర నుంచి కిందికి దిగుతాయి. "నిటారుగా నిలబడు" అని మీ నాన్నగారు పదేళ్ళు అరిచినా రానిది ఆ చెంబు ఒక్క క్షణంలో తెస్తుంది. మనిషి తలే నాలుగైదు కిలోలు ఉంటుంది. ఫోన్ చూస్తూ దాన్ని ముందుకి వేలాడేసినంతసేపూ మెడ వెనక కండరాలు ఆ బరువుని లాగి పట్టుకుంటూనే ఉండాలి. సాయంత్రానికి భుజాలు పీకడం వింతేం కాదు. నాట్యంలో ఒంటి అంగాలన్నీ వాటి వాటి చోట ఉండి, బిగుసుకోకుండా, జారిపోకుండా ఉండటాన్ని సౌష్ఠవం అంటారు. మా మాస్టారికి ఆ మాట చాలా ఇష్టం. నాకు మాత్రం ఆ మాట కంటే చెంబు ఎక్కువ నేర్పింది.

ఖాళీ చెంబుతో హాలు చివరిదాకా నడవగలిగాక నీళ్ళు పోయండి. పెరట్లోనో డాబా మీదో చేయండి, సోఫా పక్కన వద్దు. ముందు సగం పోయండి, తర్వాత నిండా పోసి చూడండి. సగం చెంబే కష్టం! నీళ్ళకి అటూ ఇటూ పరుగెత్తే చోటుంటుంది, మీరు ఒక అడుగు వేసేలోపు అవి ఆ పక్కకి వెళ్ళి బరువు అటు లాగేస్తాయి. నిండు కుండ తొణకదని ఊరికే అనలేదు, అది మోసినవాళ్ళ మాట. సైకిల్ మీద పాల క్యాన్ తెచ్చేవాళ్ళు అందులో గుప్పెడు గడ్డి వేసి ఉంచడం మీరు చూసే ఉంటారు. పాలు ఊగకుండా ఆ గడ్డి అడ్డుపడుతుంది.

అడుగులు చిన్నవిగా వేయండి. మడమ నేలకి కొట్టకండి. ఆగేటప్పుడు ఒక్కసారిగా ఆగకండి, చివరి రెండడుగులూ నెమ్మదించండి. వారం రోజులయ్యాక చెంబు తీసేసి నడవండి, అది ఇంకా ఉందన్నట్టే. ఆఫీసులో మీటింగ్ హాల్లోకి, పెళ్ళిచూపుల ఇంటి గుమ్మంలోకి, ఇంటర్వ్యూ గదిలోకి ఆ నడకతోనే వెళ్ళండి. స్థితప్రజ్ఞుడి గురించి కృష్ణుణ్ణి అడిగినప్పుడు అర్జునుడు ఏమడిగాడో గుర్తుందా? అతను ఎలా మాట్లాడతాడు, ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు అని. లోపల ఏముందని అడగలేదు. రెండు సేనల మధ్య రథంలో చతికిలబడిన మనిషికి ఆ ప్రశ్నే రావాలి మరి.

4. ఊపిరి

దీని గురించి అందరూ చెప్పారు కాబట్టి తప్పు జరిగేచోటు ఒక్కటే చెబుతాను. కంగారులో గట్టిగా, వెంటవెంటనే ఊపిరి పీలిస్తే తల తిరుగుతుంది, వేళ్ళు చిమచిమలాడతాయి, కంగారు ఇంకా పెరుగుతుంది. పీల్చడం మీద కాకుండా వదలడం మీద దృష్టి పెట్టండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె కొట్టుకునే వేగం కాస్త తగ్గుతుంది, ఒంటి తీరే అది. 4 లెక్కపెట్టేదాకా ముక్కుతో తీసుకుని, 6 లెక్కపెట్టేదాకా వదలండి. ఐదారుసార్లు. ఎదుటివాళ్ళకి తెలియకూడదు, ఛాతీ ఎగరేసి నిట్టూర్చితే మీరు విసుక్కుంటున్నారనుకుంటారు.

5. మాట

నెల మొదటివారం, పెన్షన్ల రోజులు. సర్వర్ పడిపోయి గంటన్నర. కౌంటర్ ముందు వరస తలుపు దాటి మెట్ల మీదికి వెళ్ళింది. ఒక పెద్దాయన ఫారం తెచ్చి, "ఇక్కడేం రాయాలమ్మా?" అని మూడోసారి అడిగారు. "అక్కడ రాసుంది కదా, చదవడం రాదా?" అన్నాను. ఆయన ఫారం వెనక్కి తీసుకుని, "వచ్చమ్మా. 30 ఏళ్ళు తెలుగు చెప్పాను. కళ్ళజోడు మర్చిపోయాను" అన్నారు. గొంతు పెంచలేదు. పక్కకి జరిగి వెనకవాళ్ళకి దారి కూడా ఇచ్చారు.

ఆ క్షణంలో నేనెలా కూర్చున్నానో తర్వాత గుర్తుచేసుకున్నాను. మునివేళ్ళు మాత్రమే నేలని తాకుతున్నాయి, మడమలు పైకి లేచి కుర్చీ కాళ్ళకి మెలికేసుకుని ఉన్నాయి. కుర్చీ అంచు మీదికి జరిగి, తల స్క్రీన్‌లోకి దూర్చి ఉన్నాను. ఒక్కమాటలో, పళ్ళెం మీద మొదటిరోజు పడబోయే ముందు ఉన్నట్టే.

అప్పటి నుంచి నేను పాటించేది ఇది, ఎదుటివాళ్ళ గొంతు లేచిన వెంటనే:

రెండు పాదాలూ నేల మీద పెట్టండి, మూడు రాళ్ళూ ఆనాలి. కుర్చీలో వెనక్కి జరగండి. చేతిలో పెన్నో ఫోనో ఉంటే కింద పెట్టేయండి, లేకపోతే దాన్ని టక్కుటక్కుమనిపిస్తూ మీ టెన్షన్ అందరికీ చాటుతారు. ఎదుటివాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఆగండి, అయ్యాక కూడా ఒక ఊపిరి వదిలేంతసేపు ఆగండి. అప్పుడు మొదటి వాక్యం నెమ్మదిగా మాట్లాడండి. మిగతావి వాటంతటవే ఆ వేగాన్ని పట్టుకుంటాయి.

ఆ మొదటి వాక్యం ముందే తయారుగా ఉంచుకోండి. తాడు మీద నడిచేవాళ్ళ చేతిలో పొడుగాటి కర్ర ఎందుకుంటుందో తెలుసా? 1974లో న్యూయార్క్ జంట భవనాల మధ్య తీగ మీద నడిచిన ఫిలిప్ పెటి చేతిలోనూ ఉంది, మన సంతల్లో తాడెక్కే పిల్ల చేతిలోనూ ఉంటుంది. కర్ర అటూ ఇటూ దూరంగా చాచుకుని ఉండటం వల్ల మనిషి ఒరిగిపోవడం నెమ్మదిస్తుంది, ఆ కాస్త వ్యవధిలో పాదాలు సర్దుకుంటాయి. నా కర్ర ఈ వాక్యం: "ఒక్క నిమిషం అండీ, చూసి చెప్తాను." అందులో గొప్పేమీ లేదు. కానీ అది చెబుతున్నంతసేపట్లో నోటికి రాబోయిన ఇంకో మాట వెనక్కి వెళ్ళిపోతుంది. ఇంట్లో వాడుకోవడానికి మీ కర్ర మీరు చేసుకోండి. అత్తగారి దగ్గర ఒకటి, టీనేజి పిల్లాడి దగ్గర ఒకటి, రెండూ ఒకటే అయితే పనిచేయవు.

అడ్డుతగిలేవాళ్ళ సంగతికొస్తే, వీలైతే ఒక అష్టావధానం కూర్చుని చూడండి. తిరుపతి వేంకట కవులు ఊరూరా చేసి జనంలోకి తెచ్చిన విద్య అది. జవాబు చెప్పే అవధాని ఒక్కరు, అడిగే పృచ్ఛకులు ఎనిమిది మంది. ఒకరు పూర్తిచేయమని ఒక పద్యపాదం ఇస్తారు, అది సమస్య. ఒకరు పద్యంలో వాడి తీరాల్సిన మాటలిస్తారు, అది దత్తపది. ఒకరు అక్షరం అక్షరానికీ నిషేధం పెడతారు. మధ్యమధ్య గంటలు కొడతారు, అవెన్నో లెక్క చెప్పాలి. అన్నిటినీ మించి అప్రస్తుత ప్రసంగం. అది చేసే పృచ్ఛకుడి పనే అవధాని ఆలోచన చెడగొట్టడం. పద్యం సగంలో ఉండగా "అయ్యా, మీ ఇంట్లో వంట మీరా, మీ ఆవిడా?" అంటారు. అవధాని చిరాకుపడితే సభ చప్పబడుతుంది, పట్టించుకోకపోతే మర్యాద కాదు. ఒక చమత్కారం విసిరి, జనం నవ్వుతుండగానే వదిలేసిన అక్షరం దగ్గరికి వచ్చేస్తారు. మనం నేర్చుకోవాల్సింది ఆ రావడం. మీటింగులో మీరు మాట్లాడుతుండగా ఎవరైనా అడ్డొస్తే, రెండు ముక్కల్లో జవాబిచ్చి, ఆగిపోయిన వాక్యంలోని చివరి మాటని మళ్ళీ పలికి అక్కణ్ణుంచి కొనసాగించండి. "నేనేం చెప్తున్నాను?" అని పక్కవాళ్ళని అడగకండి.

6. తూలినప్పుడు

తూలుతారు. పళ్ళెం మీద పదేళ్ళు ఆడినవాళ్ళూ తూలుతారు. కాస్త ఒరిగితే చీలమండ సర్దుతుంది. ఇంకాస్త ఎక్కువైతే నడుము వంగి సర్దుతుంది. అదీ చాలకపోతే ఒక అడుగు ముందుకో పక్కకో వేస్తాం. పెద్దవాళ్ళు పడటంలో చాలాసార్లు జరిగేది, ఆ అడుగు వేయాల్సిన క్షణంలో వేయలేకపోవడం. అందుకే గట్టు పక్కన నిలబడి, కావాలని ఒక పక్కకి ఒరిగి, గబుక్కున అడుగు వేసి ఆగడం కూడా సాధన చేయండి. పెద్దవాళ్ళయితే పక్కన ఒకరు ఉండాలి.

మాటలోనూ అంతే. చిన్న తడబాటైతే సర్దుకుని సాగిపోండి, సారీ చెప్పి దాన్ని పెద్దది చేయకండి. గొంతు లేస్తోందనిపిస్తే ఆపేయండి. ఆపలేకపోతున్నారనిపిస్తే అడుగు వేయండి, అంటే లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి రండి. అక్కడే కూర్చుని పళ్ళు బిగపట్టడం గొప్పని నేననుకోను. మాట జారిపోయిందా, ఆ రోజే వెళ్ళి చెప్పండి. నేను మర్నాడు కౌంటర్ దగ్గర ఆ తెలుగు మాస్టారికి ఫారం నింపి ఇచ్చి, "నిన్న అలా అనకూడదు మాస్టారూ, తప్పయింది" అన్నాను. సర్వర్ పడిపోయింది, రద్దీ ఎక్కువ అని కారణాలు చెప్పబోయి మానేశాను. ఆయన ఫారం అంతా ఒకసారి చదివి, కళ్ళజోడు తెచ్చుకున్నారు ఆ రోజు, నేను రాసిన ఒక ఒత్తు తప్పు దిద్ది సంతకం పెట్టారు.

ఇంకో మాట చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్తిగా ఉంటుంది. "ఆడపిల్లవి, కుదురుగా కూర్చో" అన్నప్పుడు మన ఇళ్ళలో చాలామంది అర్థం నోరు మూసుకో అని. దాన్ని నేను కుదురు అనను. మా నాయనమ్మ నెత్తిన ఒక బిందె, చంకన ఒక బిందె పెట్టుకుని, బావి దగ్గర వంతు తప్పించిన మనిషితో దారి పొడుగునా పోట్లాడుతూ వచ్చేది. ఖాళీగా ఉన్న చెయ్యి గాల్లో తిరుగుతుండేది, మాటలు నేనిక్కడ రాయలేను. మెడ మాత్రం కదిలేది కాదు. గుమ్మం దగ్గర వంగి, బిందె దించి, కుదురు మీద పెట్టి, చుట్టకుదురు దులిపి కొక్కేనికి తగిలించి, అప్పుడు మిగిలింది పూర్తి చేయడానికి మళ్ళీ వీధిలోకి వెళ్ళేది. బిందె చుట్టూ నేల పొడిగా ఉండేది.

మా అమ్మ ఇప్పుడు రోజూ పొద్దున వంటింటి గట్టు దగ్గర కుడికాలి మీద 8 సెకన్లు నిలబడుతోంది. ఎడమకాలి మీద 5. నేను లెక్కపెడుతుంటే నచ్చదు, తొందరగా లెక్కపెడుతున్నావంటుంది. అందుకని ఫోన్లో టైమర్ పెట్టి పక్కన నిలబడుతున్నాను. బాత్రూం దారిలో చిన్న లైటు ఒకటి పెట్టించాం, రాత్రంతా వెలుగుతుంది. గోడకి రంగు వేయించాం. ఆ నడుమెత్తున ఇప్పటిదాకా చార కనపడలేదు గానీ, వారానికోసారి చూస్తూనే ఉన్నాను.